పాదరసం కలిసిన మందులు: శుద్ధి చేశాక భయం లేదనడం సరేనా?

కృష్ణాతీరం:
మా నాన్నగారు మోకాళ్ళ నొప్పులకు చాలాకాలంగా మహాయోగరాజ గుగ్గులు అనే ఆయుర్వేద మందు వేసుకుంటున్నారు. మొన్న సీసా మీద చూస్తే రససిందూరం, నాగభస్మం అని ఉంది, అంటే పాదరసం, సీసం. తమ్ముడు వెంటనే ఆపించమంటున్నాడు, షాపులో అడిగితే "శుద్ధి చేసినవే కదండీ, ఏం కాదు" అన్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రసశాస్త్రం_విద్యార్థి:
ముందు కంగారు పడకండి. రససిందూరంలో ఉన్నది పగిలిన థర్మామీటర్‌లోంచి జారే పాదరసం కాదు. పాదరసాన్ని, గంధకాన్ని కల్వంలో వేసి గంటల తరబడి నూరితే నల్లటి కజ్జలి అవుతుంది. ఎండలో పెట్టి చూస్తే అందులో ఒక్క మెరుపు కూడా కనపడకూడదు, కనపడితే మళ్ళీ నూరాల్సిందే. ఆ కజ్జలిని మట్టి పూసిన గుడ్డ ఏడు పొరలు చుట్టిన గాజు సీసాలో పోసి, ఇసుకలో పెట్టి కాలిస్తే సీసా మెడ దగ్గర ఎర్రగా పేరుకునేదే రససిందూరం. ఇది నీళ్ళలో కరగదు, పేగుల్లోంచి ఒంటికి పట్టేది చాలా తక్కువ. జపాన్‌లోని మినమాటాలో చేపల ద్వారా జనాన్ని చంపిన మిథైల్ మెర్క్యురీతో దీన్ని ఒకే గాటన కట్టడం అన్యాయం.

ల్యాబ్_మనిషి:
తయారీ గురించి మీరు చెప్పినదాంతో నాకు పేచీ లేదు, మినమాటా సంగతీ నిజమే. నా అభ్యంతరమల్లా కరగదు కాబట్టి ఏమీ చేయదు అనే దగ్గరే. గురివింద గింజ ఎత్తు, అంటే దాదాపు 125 మిల్లీగ్రాముల రససిందూరంలో 86 శాతం, 107 మిల్లీగ్రాముల పైన, పాదరసమే. అందులో వెయ్యో వంతు ఒంటికి పట్టినా రోజూ నెలల తరబడి పడుతూనే ఉంటుంది, అది పోగయ్యేది కిడ్నీలో. పైగా ఒక రకం కిడ్నీ జబ్బులో మన రక్షణ వ్యవస్థే తిరగబడి వడపోతను పాడుచేస్తుంది, అది అందరికీ రాదు, ఎవరికి వస్తుందో ముందు తెలియదు. నెల్-1 మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే ఆ జబ్బుకూ పాదరసం ఉన్న సంప్రదాయ మందులకూ సంబంధం ఉందని డాక్టర్లు 2022లో రాశారు, మందు ఆపాక ఎక్కువమందికి తగ్గింది కూడా. కేరళలో పాదరసం ఉన్న ఫెయిర్‌నెస్ క్రీములు రాసుకున్నవాళ్ళలోనూ ఇదే జబ్బు బయటపడింది.

"మా తాతగారు వాడారు, ఏమీ కాలేదు" అంటారు చాలామంది. బ్రిటన్‌లో పళ్ళొచ్చే పిల్లలకు కాలోమెల్ పొడులు 1950ల దాకా అమ్మారు. అదీ పాదరసమే. వాడిన పిల్లల్లో కొద్దిమందికే చేతులు, పాదాలు గులాబీ రంగుకు తిరిగే పింక్ డిసీజ్ వచ్చింది, అందుకే కారణం పట్టుకోవడానికి దశాబ్దాలు పట్టింది, పొడులు మానేశాక జబ్బూ దాదాపు మాయమైంది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అమ్మకం. షెడ్యూల్ ఈ(1), అంటే విషపదార్థాల జాబితా, కిందికి వచ్చే మందులవి, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉండాలి. తెలుగు మాత్రమే చదివే పెద్దాయనకు ఆ హెచ్చరిక ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. షాపువాడు డాక్టర్ చీటీ కూడా అడగడు!

రసశాస్త్రం_విద్యార్థి:
చీటీ లేకుండా అమ్మడం తప్పే, అందులో మీతోనే ఉన్నాను. కానీ 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరిశీలన కూడా చూడండి. ఇంటర్నెట్‌లో కొన్న 193 మందుల్లో సీసం, పాదరసం లాంటి లోహాలు రసౌషధాల్లో (లోహాలు, ఖనిజాలు కావాలని కలిపే మందుల్లో) 40.6 శాతానికి ఉంటే, ఉత్త మూలికల మందుల్లోనూ 17.1 శాతానికి దొరికాయి. అంటే లోహం వేయకూడని మందుల్లోకీ వస్తోంది, మరి తప్పు శాస్త్రానిదా, తయారుచేసేవాళ్ళదా?

ల్యాబ్_మనిషి:
రెండూనండీ. మూలికల మందులో దొరికితే అది కల్తీ, దాన్ని పట్టుకోవచ్చు. రసౌషధంలో మాత్రం పాదరసం కావాలనే వేస్తారు, ఎన్నాళ్ళు వాడితే కిడ్నీకి ప్రమాదం లేదో మనుషుల మీద దీర్ఘకాలం పరీక్షించి చూపించాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళది. అది చూపించేదాకా గర్భిణులకు, పిల్లలకు, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు వీటిని ఇవ్వకూడదు అంటాను.

కృష్ణాతీరం గారూ, ఆ మందు ఆపి, నాన్నగారికి యూరిన్‌లో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్, సీసం చూపించండి. పాదాల్లో వాపు ఉందా, మూత్రం నురగగా పోతోందా అని అడగండి, ఉంటే నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) దగ్గరికి ఈ వారమే వెళ్ళండి, సీసా కూడా పట్టుకెళ్ళండి.

రసశాస్త్రం_విద్యార్థి:
పరీక్షలు చేయించండి, మంచిదే. నొప్పులకు భస్మాలు లేని యోగరాజ గుగ్గులు వేరే ఉంది, పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి షాపులో పొరబడకుండా లేబుల్ చదివి, వైద్యుణ్ణి అడిగాకే కొనండి.