మెట్ల గదిపై ఉన్న నీళ్ల ట్యాంకు దగ్గరికి నిచ్చెనతో క్షేమంగా ఎక్కడం ఎలా?

ప్రశ్న (తెనాలి నుంచి):
మా డాబా మీద మెట్ల గది, దాని కప్పు మీద నీళ్ల ట్యాంకు ఉన్నాయి. డాబా నుంచి ఆ కప్పు ఎత్తు 8 అడుగులు. ట్యాంకు కడగవలసి వచ్చినప్పుడల్లా మా నాన్నగారు 8 అడుగుల అల్యూమినియం మడత నిచ్చెనను మూసి గోడకు వాల్చి, పై మెట్టు మీద నిలబడి, కప్పు అంచు పట్టుకొని ఎగబాకుతారు. ఆయనకు అరవై దాటాయి. వానాకాలంలో డాబా పాచి పడుతుంది. కింద నేను పట్టుకొని నిలబడితే సరిపోతుందా, లేక నిచ్చెననే మార్చాలా?

మొదటి సమాధానం (భవన నిర్మాణ పనుల పర్యవేక్షకుడు):
నిచ్చెననే మార్చాలండి. మడత నిచ్చెన కాళ్లు, విప్పి నిలబెట్టినప్పుడు నేలకు సమంగా ఆనేలా తయారుచేసినవి. మూసి వాల్చితే వాటి అంచులే నేలను తాకుతాయి కాబట్టి, రబ్బరు తొడుగులున్నా పట్టు దొరకదు. పైగా నిచ్చెన పొడవు, ఎక్కవలసిన ఎత్తు ఒక్కటే కావడంతో పైన చేతికి ఆసరా లేదు. దిగేటప్పుడు ఇది మరింత ప్రమాదం, ఎందుకంటే కంటికి కనబడని మెట్టు కోసం కాలితో తడుముకోవలసి వస్తుంది.

12 అడుగుల సూటి నిచ్చెన తీసుకోండి. ఆనే చోటి ఎత్తులో నాలుగో వంతు దూరంలో, అంటే మీ గోడకు 2 అడుగుల దూరంలో కాళ్లు పెడితే, అది నేలతో సుమారు 75 డిగ్రీల కోణంలో నిలిచి, కప్పుకు పైన 3 అడుగులకు పైగా మిగులుతుంది. ఇంకా దగ్గరగా పెడితే మనిషితో సహా వెనక్కి పడుతుంది, దూరంగా పెడితే కాళ్లు జారతాయి. టేపు లేకపోతే, నిచ్చెన కాళ్లకు మీ కాలివేళ్లు ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపండి. అరచేతులు భుజాల ఎత్తులోని మెట్టుకు సరిగ్గా అందితే కోణం కుదిరినట్లే.

ఇక పట్టుకోవడం గురించి: పాచి మీద నిలబడితే నిచ్చెనతోపాటు మీరూ జారతారు. ముందు ఆ చోటును గీకి, కడిగి, ఆరనివ్వండి. మొదట ఎక్కేవారికి కింద మీ ఆసరా అవసరమే. ఆయన పైకి చేరగానే నిచ్చెన పై కొసను తాడుతో కట్టేయాలి.

రెండో సమాధానం (ఎలక్ట్రీషియన్):
అల్యూమినియం అన్నారు కాబట్టి ఒక మాట. సర్వీసు వైరు మీ డాబా మీదుగా వెళుతున్నా, పక్కనే 11 కేవీ లైను ఉన్నా లోహపు నిచ్చెన వాడవద్దు. ఫైబర్ గ్లాస్ నిచ్చెన, అదీ పొడిగా ఉన్నది, వాడాలి. తడిసిన వెదురులోనూ కరెంటు పారుతుంది. ఏ నిచ్చెననైనా నిలువుగా ఎత్తి మోయకుండా అడ్డంగా పట్టుకొని తీసుకెళ్లండి.

మూడో సమాధానం:
బకెట్టు, బ్రష్షు చేత పట్టుకొని ఎక్కనివ్వకండి. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు నిచ్చెన మీదే ఉండాలి. సామాను తర్వాత తాడుతో పైకి లాగవచ్చు. రక్తపోటు మాత్రలతో కళ్లు తిరిగే అలవాటుంటే నాన్నగారు అసలు ఎక్కకపోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. కప్పు మీద పీవీసీ గొట్టం తప్ప తాడు కట్టడానికి ఏమీ లేదు. దానికే కట్టవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
వద్దండి, ఎండకు పెళుసెక్కిన గొట్టం ఒక్క కుదుపుకే విరుగుతుంది. శ్లాబులో యాంకర్ బోల్టులతో రెండు ఇనుప కొక్కేలు, నిచ్చెనకు అటూ ఇటూ వచ్చేలా, మేస్త్రీ చేత బిగించి, రెండు పక్కలా కట్టండి.