పాప కాలేజీ చదువుకి సుకన్యా? ప్లాటా? మా ఇంట్లో తేలట్లేదు, మీరేమంటారు

ఖమ్మం నాన్న
అందరికీ నమస్కారం. మా పాపకి మొన్ననే నాలుగేళ్లు నిండాయి. నాది ప్రైవేట్ జాబ్, ఇంటి ఖర్చులన్నీ పోను నెలకి 5 వేలు పక్కన పెట్టగలను. మా ఆవిడ సుకన్య సమృద్ధి అకౌంట్ (ఆడపిల్లల కోసం గవర్నమెంట్ పెట్టిన పొదుపు స్కీమ్) తెరుద్దాం అంటోంది. మా నాన్నేమో పుస్తకంలో అంకెలు చూస్కుంటే ఏమొస్తదిరా, హైవే పక్కన వంద గజాలు వాయిదాల మీద కొను, రేపు దాని చదువుకీ పెళ్లికీ అదే అక్కరకొస్తది అంటాడు. రాత్రి అన్నాలు తినేటప్పుడు మళ్లీ ఇదే మాట, ఇద్దరూ నా మొహం చూస్తున్నారు, నేనేం చెప్పలేకపోయా. పిల్ల చదువు డబ్బు ఎందులో పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

నేలతల్లి
మీ నాన్నగారి మాటే రైటు బ్రదర్. మా అక్క బీటెక్ మా అరెకరం మీదే అయింది. బ్యాంకులో వేసుంటే ఆ డబ్బు ఎప్పుడో ఏదో అవసరానికి తీసేసేవాళ్లం, పొలం కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. మధ్యతరగతి ఇంట్లో డబ్బు నిలవాలంటే తియ్యడానికి కష్టంగా ఉండే చోటే పెట్టాలి.

ఇద్దరాడపిల్లల తల్లి
తమ్ముడూ, తియ్యడానికి కష్టంగా ఉండాలంటే సుకన్య కంటే ఏముంది. మా ఇద్దరికీ 2015లో స్కీమ్ వచ్చిన కొత్తల్లోనే తెరిచాం. పాపకి పదేళ్లు దాటకముందే తెరవాలి, ఏడాదికి తక్కువలో తక్కువ 250, ఎక్కువలో ఎక్కువ లక్షన్నర వెయ్యొచ్చు, 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం, వచ్చేదాని మీద టాక్స్ లేదు. కానీ ఒక్కటి మాత్రం అందరూ తప్పుగా అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. పాపకి 21 ఏళ్లొస్తే డబ్బులు మొత్తం వస్తాయని. కాదు. అకౌంట్ తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. 15 ఏళ్లు కట్టాలి, మిగతా ఆరేళ్లు ఊరికే వడ్డీ మీద పెరుగుతుంది. మా పెద్దదానికి తొమ్మిదో ఏట తెరిచాం కదా, మొత్తం చేతికొచ్చేసరికి దానికి ముప్పై. చదువు కోసం మధ్యలో తియ్యొచ్చు, 18 నిండాక గానీ టెన్త్ పాసయ్యాక గానీ, అదీ అంతకుముందు మార్చి నెలాఖరుకి ఉన్న బ్యాలెన్స్‌లో సగం వరకే. మేం డిగ్రీ ఫీజుకి అలా తీశాం, అడ్మిషన్ కాగితం, ఫీజు రసీదు అడిగారు. నీ పాపకి నాలుగే కాబట్టి నీకు టైం ఉంది, అందుకే ఇప్పుడే తెరువు అంటున్నా.

వరంగల్ సారు
నేలతల్లి గారూ, మీకు పొలం కలిసొచ్చింది, సంతోషం. నాకు ప్లాట్ ఏం చేసిందో కూడా వినండి. మావాడి ఇంజనీరింగ్ కోసమని 2011లో 150 గజాలు కొన్నా. ఆ వెంచర్‌కి పర్మిషన్ లేదు, అమ్మినాయన ఏం కాదు సార్ అందరివీ అంతే అన్నాడు, నేనూ సరే అన్నా. 2020 ఆగస్టులో తెలంగాణలో పర్మిషన్ లేని లేఅవుట్ ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. మావాడి కౌన్సెలింగ్ ఆ అక్టోబర్‌లో. కొంటానన్న మనిషి బయానా వెనక్కి తీసుకెళ్లిపోయిండు. సీటొచ్చింది, ఫీజు కట్టడానికి టైం వారం రోజులు. ఇక్కడా అక్కడా అడిగి ఆఖరికి లక్షన్నర రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన, నెలకి మూడు వేలు వడ్డీకే పోయేది. మా ఆవిడ గాజులు తీసి బల్ల మీద పెట్టింది, నేను వద్దన్నా, అవి ఇప్పటికీ బీరువాలో అదే కవర్లో ఉన్నయి. తర్వాత ప్లాట్ అమ్ముడుపోయింది, మంచి రేటే వచ్చింది, నష్టపోయిన అని నేననను. కానీ ఫీజు కట్టాల్సిన వారంలో అది రూపాయి కూడా కాలేదు. చదువు డబ్బుకి తేదీ ఉంటది సార్, భూమికి ఉండదు.

నెలజీతం
సుకన్య కూడా పూర్తిగా సరిపోదు, సగమే తియ్యనిస్తారు కాబట్టి. పక్కన ఒక ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని బట్టి నడిచే మ్యూచువల్ ఫండ్) సిప్ పెట్టండి, అంటే నెలనెలా కొంత కట్టడం. పాపకి 15 వచ్చేదాకా కదపొద్దు, అక్కణ్నుంచి కొంచెం కొంచెం తీసి ఎఫ్‌డీలో వెయ్యండి. ఎందుకంటే 2020 జనవరిలో 12 వేల పైన ఉన్న షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ మార్చికి 7,600 దగ్గరికొచ్చింది, ఆ నెలలో ఫీజు కట్టాల్సినవాళ్ల సంగతి ఊహించుకోండి.

లోన్ పక్షం
అసలు అంత దాచడం ఎందుకండీ? ఎడ్యుకేషన్ లోన్ 4 లక్షల వరకు ష్యూరిటీ అక్కర్లేదు. 2024 నవంబర్‌లో పీఎం విద్యాలక్ష్మి ఓకే చేశారు, లిస్టులో ఉన్న కాలేజీలో సీటొస్తే తాకట్టు లేకుండా ఇస్తారు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల లోన్ వరకు వడ్డీలో 3 శాతం తగ్గుతుంది, అదీ చదువైపోయిన ఏడాది దాకా. మీ ముసలితనానికి దాచుకోండి, పిల్లలు వాళ్ల చదువు బాకీ వాళ్లే తీర్చుకుంటారు, బాధ్యత కూడా తెలుస్తుంది.

ఇద్దరాడపిల్లల తల్లి
ఇరవై రెండేళ్ల పిల్ల నెత్తిన బాకీ పెట్టి బాధ్యత నేర్పడం నాకు నచ్చలేదండి. మొదటి జీతం రాకముందే ఈఎంఐ డేటొచ్చేస్తే దొరికిన ఉద్యోగంలో చేరిపోతుంది, ఇంకా చదవాలని ఉన్నా నోరు విప్పదు. తక్కువ పడినంత వరకు లోన్ తీసుకోండి, తప్పులేదు. మొత్తానికి మొత్తం వద్దు.
ఇంకో మాట, ఇందాక మర్చిపోయా. మనందరం బీటెక్ ఫీజు లెక్కేస్తున్నాం, అసలు దెబ్బ ఇంటర్‌లో తగులుతుంది. కార్పొరేట్ కాలేజీ, హాస్టల్, కోచింగ్ అని రెండేళ్లలో లక్షలు కట్టాం, చిన్నదానికి దాచింది అక్కడే ఊడ్చుకుపోయింది. పదహారో ఏట కూడా ఖర్చుందని రాసి పెట్టుకో తమ్ముడూ.

వరంగల్ సారు
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకా, గవర్నమెంట్ ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదిలే అని ఊరుకోకండి, అది లేటైతే సర్టిఫికెట్ల కోసం ముందు మనమే కట్టాల్సొస్తది.

నేలతల్లి
సార్ మీది పర్మిషన్ లేని వెంచర్ కాబట్టి అలా అయింది, దానికి భూమినే తప్పంటే ఎలా. కానీ వాయిదాల మీద ప్లాట్ అన్నది నేనిందాక సరిగ్గా చూడలేదు, అది మాత్రం వద్దు బ్రదర్. మాకున్నది తాతల పొలం, బాకీ లేదు. నెలకి 5 వేలల్లో ప్లాట్ వాయిదా కడితే పాప ఇంటర్‌కొచ్చేసరికి చేతిలో ఏం మిగలదు.

ఖమ్మం నాన్న
అందరికీ చాలా థాంక్స్. మధ్యాహ్నం లెక్క వేశా. 3 వేలు సుకన్యలో, 2 వేలు సిప్‌లో. వడ్డీ ఇప్పటిలాగే ఉంటే పాపకి 18 వచ్చేసరికి సుకన్యలో దగ్గర దగ్గర తొమ్మిది లక్షలు ఉంటుంది, అందులో సగం తియ్యొచ్చు, మిగతాది పాతికేళ్లకి. ఇంటర్‌కి సిప్ డబ్బు వాడాలి అనుకుంటున్నా, అప్పుడు బీటెక్‌కి కొంత లోన్ తప్పదేమో. వరంగల్ సార్ పోస్ట్ మా నాన్నకి చదివి వినిపించా. గాజుల దగ్గరికొచ్చేసరికి ఆపమన్నాడు. కాసేపయ్యాక పోస్టాఫీసు పొద్దున ఎన్నింటికి తీస్తారు అని అడిగాడు. సోమవారం ముగ్గురం వెళ్తున్నాం, పాప బర్త్ సర్టిఫికెట్, మా ఆధార్, పాన్ పట్టుకెళ్తున్నా, ఇంకేమైనా కావాలంటే చెప్పండి.