విశాఖ నుంచి డల్లాస్‌: దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుందా?

సీతమ్మధార పెద్దాయన:
మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటోంది. జనవరిలో నేనూ, మా ఆవిడా వెళ్దామనుకుంటున్నాం. నెట్‌లో దూరం కొడితే సుమారు 14,400 కిలోమీటర్లని వచ్చింది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి 16 గంటలు. టికెట్ల కుర్రాడేమో దుబాయ్ మీదుగా 24 గంటలు దాటుతుందంటున్నాడు. ఇంత తేడా ఎందుకు? మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, అందుకే టెన్షన్.

గాజువాక:
నెట్‌లో వచ్చే దూరం పనికొచ్చే లెక్క కాదండి. ఆ దారిలో విమానమే లేదు. దుబాయ్‌కి దాదాపు 3,000, అక్కడి నుంచి డల్లాస్‌కి 12,900 చిల్లర. అంటే చుట్టుదారి వల్ల పెరిగింది 1,500 కిలోమీటర్లే, రెండు గంటలు కూడా కాదు. మిగతాదంతా దిగడం, ఎక్కడం, మధ్యలో కూర్చోవడం. అది ఏ కాలిక్యులేటర్ చెబుతుంది?

ఎంవీపీ కాలనీ:
పనికిరాదంటే ఎలా గురూ? చుట్టుదారి 1,500 అని మీరు తేల్చింది ఆ 14,400 దగ్గరుండబట్టే కదా! పెద్దాయనా, ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే విశాఖ మీద దారం పెట్టి డల్లాస్ దాకా బిగించి లాగండి. గోడ మ్యాప్ చూస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా వెళ్లాలనిపిస్తుంది. దారం మాత్రం నేరుగా పైకెళ్లి ఉత్తర ధ్రువం దగ్గర మేకును తాకినంత పని చేసి అవతలికి దిగుతుంది. మనది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం, వాళ్లది 97 డిగ్రీల పడమర. కలిపితే 180. అంటే భూమికి సరిగ్గా అటువైపు రేఖ! ఇది తెలిస్తే ఏ టికెట్ ఎంత చుట్టో ఇట్టే తెలిసిపోతుంది.

గాజువాక:
దూరం తక్కువైతే సమయమూ తక్కువనేగా మీ ఉద్దేశం? ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం సంగతి చూడండి. 2016లో అట్లాంటిక్ దారి మానేసి పసిఫిక్ మీదుగా, అంటే తూర్పు దిక్కుగా వెళ్లింది. పాత దారి దాదాపు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. అయినా రెండు గంటల దాకా ముందే చేరింది. పైన పడమటి నుంచి తూర్పుకు గాలి వీస్తుంది, వెనక నుంచి తోస్తే ఆ లాభం వేరు.

మర్రిపాలెం:
అంత దూరమెందుకు, హైదరాబాద్ చూడండి. ఆకాశంలో 510 కిలోమీటర్లు, 900తో భాగిస్తే 34 నిమిషాలు. టైంటేబుల్‌లో గంట పైనే ఉంటుంది. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించడం, అన్నీ అందులోనే. దగ్గరి ఊళ్లకే భాగహారం బాగా తప్పుతుంది.

సీతమ్మధార పెద్దాయన:
ఇంకో టికెట్ చూపించాడు. శనివారం ఉదయం 9కి ఇక్కడ బయల్దేరి, అదే రోజు రాత్రి 8కి డల్లాస్‌లో దిగడం. అంటే 11 గంటలేనా?

మర్రిపాలెం:
కాదండి, రెండూ ఎక్కడికక్కడి గడియారం సమయాలు. జనవరిలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. 11కి అది కలపండి, మొత్తం ఇరవై రెండున్నర గంటలు. వేసవిలో వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుతారు, అప్పుడు పదిన్నరే కలపాలి.

ఎంవీపీ కాలనీ:
గాలి సంగతి ఒప్పుకుంటాను, కానీ దూరం చూడకుండా టికెట్ కొనొద్దనే నా మాట.

గాజువాక:
నేనైతే మొత్తం గంటలు, మధ్యలో ఆగే సమయం, ఈ రెండే చూడమంటాను. అమ్మగారికి వీల్‌చైర్ కావాలని టికెట్ కొనేటప్పుడే రాయించండి. మధ్యలో రెండు గంటల లోపే ఆగే టికెట్ ఎంత చవకైనా వద్దండి, ఆ మోకాళ్లతో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు పరిగెత్తలేరు.