ఊళ్లోని ఇంటి కెమెరాలను దూరం నుంచి చూడాలంటే స్టాటిక్ ఐపీ తప్పనిసరా?

ప్రశ్న (బెంగళూరు సభ్యుడు):

నమస్కారం. తెనాలిలో మా అమ్మానాన్నలు ఉంటున్న ఇంటికి నాలుగు కెమెరాలు, వాటి వీడియోను రికార్డు చేసే ఒక డీవీఆర్ పెట్టించాము. టీవీలో బొమ్మ స్పష్టంగానే వస్తోంది. ఇంటి వైఫైలో ఉన్నంతసేపు నాన్నగారి ఫోన్‌లోని యాప్ కూడా చక్కగా పనిచేస్తోంది. ఆయన బయటికి వెళ్లి మొబైల్ డేటాకు మారగానే మాత్రం పరికరం అందుబాటులో లేదని చూపిస్తోంది. ఇక్కడ బెంగళూరులో నా ఫోన్‌లోనూ అంతే. కెమెరాలు బిగించినతను రౌటర్‌లో 80, 554, 8000 పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) తెరిచాడు. అయినా ఫలితం లేకపోయేసరికి, బ్రాడ్‌బ్యాండ్ వాళ్లకు ఏటా అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకోమంటున్నాడు. డబ్బు సంగతి అలా ఉంచితే, అలా చేస్తే మా ఇంటి వాకిలి పరాయివాళ్లకు కూడా కనబడే ప్రమాదం ఉందా అన్నది నా అసలు బెంగ. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (నెట్‌వర్క్ ఇంజినీర్, హైదరాబాద్):

ముందుగా నాన్నగారిని రౌటర్ పేజీ తెరిచి, స్టేటస్ విభాగంలో వాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపున ఉన్న చిరునామా) అని ఉన్నచోట ఏ అంకెలు ఉన్నాయో చదవమనండి. అది 100.64తో మొదలుకొని 100.127 వరకు ఉన్న అంకెల్లో ఏదైనా అయితే, మీ కనెక్షన్ సీజీనాట్ వెనుక ఉన్నట్టే. అంటే, ఐపీవీ4 అనే పాతరకం ఇంటర్నెట్ చిరునామాల కొరత వల్ల బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచి ఇస్తాయి. ఈ పనికోసమే 2012లో ఆ 100 వరుసను ప్రత్యేకంగా కేటాయించారు. బయటి నుంచి మీ ఇంటికి రావలసిన పిలుపు సంస్థవారి యంత్రం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం ఉండదు.

స్టాటిక్ ఐపీ తీసుకుంటే ఆ అడ్డు తొలగుతుంది, నిజమే. కానీ ఆ పోర్టులు తెరిచే ఉంటే అప్పుడు డీవీఆర్ ప్రపంచం మొత్తానికీ ఎదురుగా నిలబడుతుంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్, కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేసిన కెమెరాలనూ డీవీఆర్‌లనూ వెతికి పట్టుకుని సైన్యంగా మార్చుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చూపే డిన్ అనే సంస్థ మీద ఆ సైన్యంతో జరిగిన దాడిలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి గంటల తరబడి అందకుండా పోయాయి. పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే చాలునని కూడా అనుకోకండి. 2021 సెప్టెంబరులో హైక్‌విజన్ అనే కంపెనీ కెమెరాల్లో బయటపడిన లోపంలో, పాత ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్న పరికరంలోకి పాస్‌వర్డ్ అవసరమే లేకుండా చొరబడే వీలుంది. పోర్టు బయటికి తెరిచి ఉండటమే అందుకు చాలు. అందుచేత తెరిచిన ఆ మూడు పోర్టులనూ ఈరోజే మూసివేయించి, రౌటర్‌లో యూపీఎన్‌పీని (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే సదుపాయాన్ని) కూడా ఆపించండి.

రెండవ జవాబు (విజయవాడలో సీసీ కెమెరాలు బిగించే పని చేస్తున్నాను):

పైవారు చెప్పింది సరైనది. అయితే ఇంటి వైఫైలో మాత్రమే యాప్ పనిచేస్తోందంటే, డీవీఆర్‌ను 192.168తో మొదలయ్యే ఇంటి లోపలి చిరునామాతో యాప్‌లో చేర్చి ఉంటారని నా అనుమానం. దాన్ని తీసేసి, డీవీఆర్ మెనూలో నెట్‌వర్క్ విభాగానికి వెళ్లి పీ2పీ లేదా క్లౌడ్ సేవను ఆన్ చేసి, స్థితి ఆన్‌లైన్ అని కనిపించాక, అక్కడి క్యూఆర్ కోడ్‌తో మళ్లీ చేర్చండి. ఈ పద్ధతిలో డీవీఆరే లోపలి నుంచి బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌ను పలకరిస్తుంది కనుక సీజీనాట్ అడ్డురాదు, స్టాటిక్ ఐపీ అవసరమూ లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురుకావచ్చు. పరికరం ఇప్పటికే వేరే ఖాతాలో ఉందని యాప్ చెబితే, బిగించినతను తన ఫోన్‌తో తన ఖాతాలోకి ఎక్కించుకున్నాడని అర్థం. మా పనిలో ఇది చాలాచోట్ల జరుగుతుంది, చెడ్డ ఉద్దేశంతో కాకపోయినా ఎంతమాత్రం ఉండకూడనిది. అతనితో దాన్ని తీయించి, నాన్నగారి ఖాతానే అసలు యజమానిగా పెట్టి, మీకు అందులోంచి చూసే అనుమతి మాత్రం పంచుకోమనండి. అడ్మిన్ పాస్‌వర్డ్‌నూ, వీడియోను తెరిచే వెరిఫికేషన్ కోడ్‌నూ వెంటనే మార్చి, ఒక నోట్‌బుక్కులో రాసి బీరువాలో పెట్టించండి. పాస్‌వర్డ్ మరిచిపోయాక రీసెట్ కోసం పడే తిప్పలు మామూలువి కావు.

మూడవ జవాబు (నెట్‌వర్క్ ఇంజినీర్, హైదరాబాద్):

కెమెరా కంపెనీ సర్వర్ మీద కూడా ఆధారపడటం ఇష్టం లేకపోతే, ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్ పెట్టి టెయిల్‌స్కేల్ అనే సేవ ద్వారా పరాయివాళ్లు చూడలేని సొంత సొరంగం వేసుకోవచ్చు. అది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడుస్తుంది, సీజీనాట్ వెనుక నుంచి కూడా పనిచేస్తుంది. అయితే అది పాడైన రోజున అమ్మానాన్నలే ఇబ్బంది పడతారు కాబట్టి, మీ విషయంలో నేను పీ2పీ వైపే మొగ్గుతాను.

ప్రశ్న అడిగినవారి జవాబు:

ఇద్దరికీ ధన్యవాదాలు. వాన్ ఐపీ 100.8తోనో 100.9తోనో మొదలవుతుందని నాన్నగారు మొదట చెప్పారు, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివితే 100.89 అని తేలింది. పోర్టులు మూసివేయించాము. డీవీఆర్ నిజంగానే బిగించినతని ఖాతాలో ఉంది, అడగగానే తీసేశాడు. ఇప్పుడు బెంగళూరులో బొమ్మ వస్తోంది కానీ, నాలుగు కెమెరాలూ ఒకేసారి తెరిస్తే ఆగి ఆగి నడుస్తోంది. పైగా నిన్న కరెంటు పోయి వచ్చాక రికార్డింగుల తేదీలు తప్పుగా చూపిస్తున్నాయి.

నాలుగవ జవాబు (విజయవాడ సభ్యుడు):

ఆగి ఆగి నడవటానికి ఇంటి అప్‌లోడ్ వేగం కారణం కావచ్చు. నాలుగింటినీ కలిపి చూసేటప్పుడు సబ్ స్ట్రీమ్‌ను (తక్కువ నాణ్యత వీడియోను) ఎంచుకుని దానికి 512 కేబీపీఎస్ ఇవ్వండి. గేటు దగ్గర మనిషి ముఖం చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ ఒక్క కెమెరానే మెయిన్ స్ట్రీమ్‌లో (పూర్తి నాణ్యతతో) తెరవండి. తేదీ తప్పడానికి లోపలి చిన్న బటన్ బ్యాటరీ అయిపోయి ఉండటమే సాధారణ కారణం, దాన్ని మార్పించి, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకునే సదుపాయం) ఆన్ చేసి, టైమ్ జోన్ జీఎంటీ +5:30గా పెట్టించండి. ఇన్వర్టర్ ఉంటే డీవీఆర్‌తోపాటు రౌటర్‌నూ, ఫైబర్ పెట్టెనూ దానికే కలిపించండి. వాటికి కరెంటు లేకపోతే డీవీఆర్ రికార్డు చేస్తూనే ఉంటుంది గానీ మీకు ఏమీ కనిపించదు.