పాత మాస్సీ 35: డీజిల్ పంపు కంపెనీదేనా, మార్చిందా?

కందుకూరు రైతు:
మా తాత కొన్న మాస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరు, మూడు సిలిండర్లది, పదేళ్లుగా చింతచెట్టు కింద పడుంది. మళ్లీ కొన్నప్పటిలా చేద్దామని పట్టుకున్నా. ఇన్నేళ్లలో ఏ షెడ్డుకి తోలితే ఆ షెడ్డువాళ్లు పంపు, ఫిల్టర్లు, నాజిళ్లు విప్పి ఏదో ఒకటి తగిలించారు, దాంతో వచ్చిందేదో తెలియట్లా. పంపు మీద సీఏవీ అని కంపెనీ పేరు ఉంది, కిందనే మేడ్ ఇన్ ఇండియా అనీ ఉంది. అది చూసి మా మెకానిక్ డూప్లికేటు పొమ్మన్నాడు. ఇంకోటి, ఇంజన్‌లోకి గాలి పోయే మానిఫోల్డుకి ఒక రంధ్రం ఉంటే బోల్టు బిగించేశారు. అక్కడేముండేది?

నెల్లూరు పంపు షెడ్డు:
ఇండియా అని ఉన్నంత మాత్రాన డూప్లికేటా అన్నా? టాఫే ట్రాక్టర్ల కంపెనీ 1960లోనే మద్రాసులో పెట్టారు, మాస్సీ బండ్లు అక్కడ తయారైనవే మనకి ఎక్కువ. పేరు కాదు, పంపు పక్కనుండే చిన్న రేకు చూడు. డీపీఏ అని పంపు రకం ఉండి, నంబర్లో 32 తర్వాత అంకె 3 అయితే మూడు సిలిండర్లకి చేసిన పంపు. అక్కడ 4 ఉందంటే ఆ రేకే వేరే పంపుది, ఇట్టాంటివి నేను చూశా.
ఆకారం కూడా చెప్తుంది. డీపీఏకి పైపులు గుండ్రంగా చుట్టూ వస్తాయి. వరసగా పైకి నిలబడి, పంపుకి విడిగా ఆయిల్ పోయాల్సొస్తే అది ఇన్‌లైన్ పంపు. డీపీఏకి లోపల డీజిలే ఆయిలు, అందుకే నీళ్లు కలిసిందంటే లోపల తిరిగే రోటర్ పట్టేస్తుంది. ట్యాంకు కడగకుండా, ఫిల్టర్లు మార్చకుండా స్టార్ట్ చెయ్యమాక.

ఒంగోలు పాతబండి:
ఆ బోల్టు ఉన్నచోట థర్మోస్టార్ట్ ఉండేది అబ్బాయ్. వేడెక్కిన కాయిల్ దగ్గర కాస్త డీజిల్ మండి, లోపలికి పోయే గాలి వేడవుతుంది. అదంతా చలిదేశాల సంగతి, మన రోహిణి ఎండలకి దాంతో పనేముంది? లీకవగానే పీకి బోల్టు కొట్టేస్తారు, మా బండికీ అంతే. చూపుకి కావాలంటే పాత సామాన్ల కొట్లో వెతుకు.

కందుకూరు రైతు:
కిరోసిన్‌తో తుడిస్తే 3230ఎఫ్ అని కనపడింది, మిగతాది అరిగిపోయింది. మెకానిక్‌కి ఫోటో పంపా, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఏసీ పంపు చేతిపిడి కదలట్లా, పోయినట్టేనా?

నెల్లూరు పంపు షెడ్డు:
అప్పుడే కొత్తది కొనమాక. ఆ పంపుని ఆడించే కామ్ ఎత్తు మీద ఆగి ఉంటే పిడి ఆడదు. ఇంజన్ ఒక చుట్టు తిప్పి మళ్లీ నొక్కు. డీజిల్ లైన్లో ఎయిర్ తీసేది ముందు ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు మీద స్క్రూలు, చివర్న నాజిల్ నట్లు. ఆ నాజిళ్లు విప్పినప్పుడు ఒంటి మీద పేరు కూడా చూడు, మైకో అని వేరే కంపెనీ పేరుంటే ఎవరో మధ్యలో మార్చినవే అనుకుంటా. డీజిల్ బాగా కొడుతుంటే అవే ఉంచుకో, పేరు కోసం పీకబాకు.