ఒళ్లు చూసి ఎక్సర్‌సైజ్ చెప్తరా? కోచ్ మాట నమ్మాల్నా?

వడ్డేపల్లి_కట్ట: కొత్తగ జిమ్ముల చేరిన. కోచ్ నన్ను కిందికీ మీదికీ చూసి, "నువ్వు లావు ఒళ్లోనివి, అంటే ఎండోమార్ఫ్‌వి, ట్రెడ్‌మిల్లే చెయ్యి, బరువులు ముట్టకు" అన్నడు. పక్కనున్న బక్కపిలగానికేమో "ఎక్టోమార్ఫ్, ఉరకొద్దు" అన్నడు. నిజమేనా?

కాజీపేట_రిటైర్డ్: ఒళ్లు చూసుకోవాల్సిందే తమ్మీ. నేను 94 కిలోలు. "ఎవరైనా ఉరకొచ్చు" అంటే విని, పొద్దుగాల ఐదింటికే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోయి ఉరికిన. నెలన్నరల కుడి మోకాలు వాసింది. ఇప్పుడు మెట్లు దిగుతుంటే చిప్ప కింద టిక్కు టిక్కుమంటది. డాక్టర్ గుజ్జు అరిగిందన్నడు.

సుబేదారి_అక్క: ఆ పేర్లు పెట్టింది షెల్డన్ అనే అమెరికా సైకాలజిస్టు, 1940లల్ల. జిమ్ము కోసం కాదు, ఒళ్లు చూసి మనిషి గుణం చెప్పొచ్చని. ఆ లెక్క తప్పని ఎప్పుడో తేలిపోయింది, జాతకం తీరు. సార్, ముప్పై ఏండ్లు కుర్చీల కూసొని ఒక్కసారే ఉరికితే ఏ మోకాలైనా వాస్తది.

కాజీపేట_రిటైర్డ్: కుర్చీల కూసున్ననని నీకెవరు చెప్పిండ్రు? లోకో షెడ్డుల నిలబడి చేసిన.

ములుగురోడ్: ముందు కోచ్ ఫీజెంతో చెప్పు 😀

సుబేదారి_అక్క: నిలబడుడు వేరు, ఉరుకుడు వేరు.

కాజీపేట_రిటైర్డ్: షెడ్డు సంగతి నీకు తెల్వదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022ల 52 కిలోలల్ల, 2023ల 50 కిలోలల్ల ప్రపంచ చాంపియన్. బాక్సింగ్‌ల బరువు చూస్తరా లేదా?

సుబేదారి_అక్క: చూస్తరు, జోడీ కలపడానికి. ఆట వద్దని ఇంటికి పంపరు. నన్ను పంపిండ్రు. తొమ్మిదో తరగతిల 400 మీటర్ల పరుగుకు పేరిస్తే పీఈటీ సారు నవ్వి "నువ్వు దిట్టంగున్నవ్, షాట్‌పుట్ వెయ్" అని కొట్టేసిండు. ఒక్కసారన్న ఉరికిచ్చి చూడలే. 2024ల మన కల్లెడ దీప్తి పారిస్ పారాలింపిక్స్‌ల అదే 400 మీటర్లకు కాంస్యం తెస్తే, టీవీ ముందు కూసొని ఏడ్చిన. ఒళ్లు చూసి చెప్పేటోళ్లంటే నాకు మంట.

కాజీపేట_రిటైర్డ్: నిన్ను ఒకడు వద్దన్నడు. నన్ను ఒక్కడన్న ఆగుమనలే. పొట్ట ఊగుతుంటే వీడియోలు తీసి గ్రూపుల పెట్టిండ్రు గని, "సార్, ముందు నడువుండ్రి" అన్నోడు లేడు.

సుబేదారి_అక్క: అది తప్పే సార్.

హంటర్‌రోడ్_ఫిజియో: కట్ట తమ్మీ, బరువులు వద్దనుడు తప్పు. వారంల 150 నిమిషాలు జోరుగ నడుసుడు లాంటిది, రెండు రోజులు కండలకు పని. డబ్ల్యూహెచ్‌ఓ పెద్దోళ్లందరికీ చెప్పేది ఇదే, లావు బక్క అని విడదీయలే. చూడాల్సింది మోకాలు, బీపీ, ఇన్నాళ్లు ఎంత కదిలినవన్నది. రిటైర్డ్ సార్, మీకు సైకిల్, ఈత నయం. మోకాలు మీద మీ బరువంత పడదు.

వడ్డేపల్లి_కట్ట: మరి రేపు కోచ్‌కు ఏమని చెప్పాలె?

ములుగురోడ్: ఫీజు కట్టినవా?

వడ్డేపల్లి_కట్ట: మూణ్ణెల్లది.

కాజీపేట_రిటైర్డ్: ఫిజియో బాబూ, సైకిల్ సీటు ఎంత ఎత్తు పెట్టాలె?

హంటర్‌రోడ్_ఫిజియో: పెడల్ కిందికి పోయినప్పుడు మోకాలు కొద్దిగనే వంగాలె సార్. సీటు మరీ దించితే చిప్ప మీద భారం.

కాజీపేట_రిటైర్డ్: సరే. అక్కా, షెడ్డుల కుర్చీ మాత్రం లేకుండె.