230 జీబీ ఇంటి, పని ఫైళ్లకు ఏ క్లౌడ్ బ్యాకప్ తీసుకోవాలి? (పర్లాకిమిడి)

పర్లాకిమిడి డీటీపీ

అందరికీ నమస్కారం. ఇంట్లోనే డీటీపీ (కంప్యూటర్‌లో టైప్ చేసి ప్రింటుకు పేజీలు కట్టే) పని. విండోస్ 11 ల్యాప్‌టాప్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. కాపాడుకోవాల్సింది 230 జీబీ దాకా ఉంది. ఫొటోలు, వీడియోలు 160 జీబీ. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా ఫైళ్లు 65 జీబీ, వాటిలో తెలుగు అంతా అను ఫాంట్లలో, ఒడియా అంతా అకృతి ఫాంట్లలో ఉంది. మిగతా 5 జీబీ స్కాన్ చేసిన పట్టాలు, సర్టిఫికెట్లు, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా. 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటుంది కానీ అదీ ఇదే బల్ల మీద. ఫైబర్ నెట్, స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 40, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ చూపిస్తోంది.

తుఫాన్ల రోజులు వచ్చేలోపు ఊరు దాటి ఒక కాపీ ఉండాలి. గూగుల్ వన్, వన్‌డ్రైవ్, బ్యాక్‌బ్లేజ్, ఐడ్రైవ్ ఈ నాలుగూ చూశాను. ఏది తీసుకోవాలి? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ట్యాలీ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టేయొచ్చా?

బరంపురం స్టోరేజ్

మాస్టారూ, మీరు రాసిన నాలుగూ ఒక జాతివి కావు. గూగుల్ డ్రైవ్ (గూగుల్ వన్‌లో వచ్చేది ఇదే), వన్‌డ్రైవ్ సింక్ సర్వీసులు. అంటే ల్యాప్‌టాప్‌లో జరిగిందే క్లౌడ్‌లోనూ జరుగుతుంది. ఇక్కడ ఫైలు పొరపాటున డిలీట్ అయితే అక్కడా పోతుంది. ర్యాన్‌సమ్‌వేర్ వచ్చి ఇక్కడ ఫైళ్లకు తాళం వేస్తే ఆ తాళం వేసిన కాపీయే పైకి ఎక్కుతుంది. గూగుల్ ట్రాష్‌లో ఫైలు 30 రోజులుంటుంది. పాత వెర్షన్లు కూడా 30 రోజులు, లేదా 100 వెర్షన్లు. వన్‌డ్రైవ్ పర్సనల్ రీసైకిల్ బిన్‌లోనూ 30 రోజులే. మాఘమాసంలో చేసిన శుభలేఖ ఫైలు పాడైందని శ్రావణంలో తెరిచినప్పుడు తెలిస్తే ఆ 30 రోజులు ఎందుకూ కొరగావు. డీటీపీ పనిలో ఫైలు నెలల తరబడి తెరవకుండా ఉండటమే మామూలు కాబట్టి మీకు ఇదే అసలు సమస్య.

బ్యాక్‌బ్లేజ్, ఐడ్రైవ్ బ్యాకప్ కోసమే కట్టినవి. బ్యాక్‌బ్లేజ్ పర్సనల్ ఒక కంప్యూటర్‌కు ఎంత డేటా అయినా తీసుకుంటుంది, పాత వెర్షన్లు ఏడాదిపాటు ఉంచుతుంది. 2023 అక్టోబర్‌లో ఏడాది ధర 99 డాలర్లకు పెరిగింది, కట్టే ముందు ఈనాటి ధర చూసుకోండి. ఒక చిక్కుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని కూడా అందులో చేర్చితే అప్పుడప్పుడూ ల్యాప్‌టాప్‌కు తగిలించి నెట్‌లో ఉంచాలి. చాలాకాలం తగిలించకపోతే ఆ డిస్క్ తాలూకు డేటా తీసేసినట్టు లెక్కేసుకుంటుంది. ఐడ్రైవ్‌లో జీబీ లెక్కన ప్లాన్ కొనాలి, కానీ ఒకే ఖాతాలో ఎన్ని కంప్యూటర్లయినా పెట్టుకోవచ్చు. ప్రతి ఫైలుకూ 30 పాత వెర్షన్లు ఉంచుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, ఇక్కడ డిలీట్ చేసిన ఫైలు, మీరే వెళ్లి ఆర్కైవ్ క్లీనప్ నడిపేదాకా అక్కడ అలాగే ఉంటుంది. 10 జీబీ ఉచిత ఖాతాతో ముందు చూడొచ్చు, మీ 5 జీబీ కాగితాలు అందులోనే పట్టేస్తాయి.

గూగుల్‌లో మీ లెక్కకు 200 జీబీ ప్లాన్ చాలదు, దాని పైది తీసుకోవాలి. పైగా అది జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపిన చోటు. నిండిపోతే మెయిల్ రావడమే ఆగిపోతుంది. ఆర్డర్లు మెయిల్‌లో వచ్చేవాళ్లకు అది చిన్న విషయం కాదు. వర్డ్, ఎక్సెల్ కోసం ఎలాగూ మైక్రోసాఫ్ట్ 365 కొనేలా ఉంటే అందులో 1 టీబీ వన్‌డ్రైవ్ వస్తుంది. అప్పుడు దాన్నే వాడి, పాత వెర్షన్ల పని ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీకి వదిలేయొచ్చు. ఆఫీస్ అవసరం లేకపోతే నా మాట ఐడ్రైవ్.

వన్‌డ్రైవ్ తీసుకుంటే మటుకు ఫైల్స్ ఆన్-డిమాండ్ సంగతి మర్చిపోవద్దు. ఫైలు పక్కన మబ్బు గుర్తుంటే అది మీ డిస్క్‌లో లేదని అర్థం, పేరు మాత్రమే కనబడుతోంది. అలాంటి ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్‌కి కాపీ చేయబోతే ఒక్కొక్కటీ నెట్ నుంచి దిగుతూ కూర్చుంటుంది, నెట్ లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ పెట్టి, ఆకుపచ్చ టిక్ వచ్చాకే కాపీ చేయండి.

రాయగడ నెట్

సర్వీసు గురించి అన్న చెప్పారు, నేను అప్‌లోడ్ లెక్క చెప్తాను. చాలామంది మధ్యలో వదిలేసేది ఇక్కడే.

10 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 1.25 ఎంబీ, గంటకు 4.5 జీబీ. 230 జీబీకి 51 గంటలు ఆగకుండా నడవాలి. రాత్రి పూట 8 గంటలే వదిలితే 36 జీబీ, అంటే 7 రాత్రులు. ఫైబర్‌లో మామూలుగా డేటా పరిమితి అడ్డు రాదు. మొబైల్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీ ప్లాన్‌తో ఇదే పని చేస్తే 115 రోజులు పడుతుంది, ఆ దారి వద్దు.

వరస ముఖ్యం. మొత్తం డ్రైవ్‌ని ఒకేసారి టిక్ పెట్టేస్తే పెళ్లి వీడియోలు ముందు ఎక్కి, పట్టాలు చివర్లో మిగిలే ప్రమాదం ఉంది. మొదటి రోజు ఆ 5 జీబీ మాత్రమే ఎంచుకోండి, గంటంపావు లోపు అయిపోతుంది. అది పూర్తయ్యాక డీటీపీ ఫోల్డర్ చేర్చండి, 65 జీబీకి రెండు రాత్రులు. ఫొటోలు, వీడియోలు చివర్లో.

బ్రౌజర్‌లో లాగి వదలొద్దు. మధ్యలో ట్యాబ్ మూసుకుపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఆ సర్వీసు డెస్క్‌టాప్ యాప్ పెట్టుకుంటే కరెంటు పోయి వచ్చినా ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. పవర్ సెట్టింగ్స్‌లో ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ ‘నెవర్’ అని మార్చండి, మూత వేస్తే ఏం చేయాలన్నది కూడా ‘డూ నథింగ్’ చేయండి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రూటర్‌కు ఉండదు. అందుకే అప్‌లోడ్ ఆగేది కరెంటు కోతలప్పుడే. రూటర్, ఫైబర్ పెట్టె రెండూ 12 వోల్టులవైతే రెండు అవుట్‌పుట్‌ల మినీ యూపీఎస్ ఒకటి చాలు. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదివి కొనండి.

ఇంకోటి. అప్‌లోడ్‌ని పూర్తి వేగంతో వదిలితే ఇంట్లో మిగతా వాళ్లకు నెట్ బిగుసుకుపోతుంది. యాప్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌విడ్త్ పరిమితి ఉంటుంది. అక్కడ కేబీ లెక్క అడిగితే పగలు 600, రాత్రి 1100 పెట్టుకోండి. 1250 కేబీ అంటే మీ లైన్ మొత్తం.

తుఫాను హెచ్చరిక వచ్చాక మొదలుపెట్టి లాభం లేదు. పైలీన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ అక్టోబరే. సెప్టెంబర్ ముగిసేలోపు మొదటి అప్‌లోడ్ పూర్తి కావాలి. ఆ తర్వాత రోజూ మారేది కొన్ని వందల ఎంబీలే కాబట్టి అది దానంతటదే నడుస్తుంది.

జయపురం ఫాంట్లు

గురువుగారూ, పేజ్‌మేకర్ ఫైలు భద్రంగా ఉన్నా అను ఫాంటు పోతే ఆ ఫైలు ఉండీ లేనట్టే. అది యూనికోడ్ కాదు. ఫాంటు లేని మెషీన్‌లో తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. అకృతి ఒడియా కూడా అంతే. బ్యాక్‌బ్లేజ్ లాంటివి విండోస్ ఫోల్డర్‌ని, ప్రోగ్రామ్ ఫైల్స్‌ని మామూలుగా వదిలేస్తాయి, ఫాంట్లుండేది అక్కడే.

సరే కాపీ చేద్దామని సీ డ్రైవ్‌లో విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ తెరిచి తీసుకుంటే కొన్ని రాకపోవచ్చు. 2018 తర్వాతి విండోస్‌లో ఫాంటు మీద డబుల్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్’ నొక్కితే అది ఆ యూజర్‌కి మాత్రమే పడుతుంది. ఫైలు వెళ్లి యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే దారిలో దాక్కుంటుంది. యాప్‌డేటా కనబడదు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టి మీ యూజర్ ఫోల్డర్‌లోంచి వెళ్లండి. రెండు చోట్ల నుంచీ తీసి డాక్యుమెంట్స్‌లో ‘ఫాంట్లు’ అని ఒక ఫోల్డర్ చేసి పెట్టండి. అను, అకృతి ఇన్‌స్టాలర్లు, లైసెన్స్ వివరాలు, మీరు వాడే కీబోర్డు లేఅవుట్ పేరు కూడా అక్కడే ఉండాలి. మొత్తం కలిపినా ఒక వీడియో అంత ఉండదు.

పూర్తయిన ప్రతి పనికీ ఫాంట్లు ఎంబెడ్ చేసిన (లోపలే ఇమిడ్చిన) పీడీఎఫ్ ఒకటి పక్కన ఉంచండి. ఫాంటు ఎప్పటికీ దొరక్కపోయినా ప్రింటుకు అది పనికొస్తుంది. పేజ్‌మేకర్‌లో పెట్టిన బొమ్మలు మామూలుగా లింకులే కాబట్టి అవి డెస్క్‌టాప్‌లో ఒకటి, డౌన్‌లోడ్స్‌లో ఒకటి ఉంటే కొత్త మెషీన్‌లో లింకులు తెగుతాయి. ఒక పనికి ఒక ఫోల్డర్, బొమ్మలూ అందులోనే.

ఫైలు పేర్ల మాట కూడా. తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు, కానీ మరీ పొడవు వద్దు. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ యూనికోడ్ అక్షరాలు దాచే పద్ధతి) తెలుగు కోడ్ ఒక్కొక్కటీ 3 బైట్లు. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కే. ‘లక్ష్మి’ చూడటానికి రెండక్షరాలు, లోపల 7 కోడ్‌లు, 21 బైట్లు. ఆర్‌క్లోన్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో పేర్లు కూడా ఎన్‌క్రిప్ట్ చేసేవాళ్లకు సుమారు 143 బైట్లు దాటితే కొన్ని చోట్ల ఫైలు ఎక్కదు, అంటే తెలుగులో 47 కోడ్‌లే. వధూవరుల పేర్లు, ఊరు, ముహూర్తం అన్నీ ఫైలు పేరులో ఇరికించేవాళ్లకు అది రెండు నిమిషాల్లో నిండిపోతుంది. తేదీ, ఇంటిపేరు చాలు.

పర్లాకిమిడి డీటీపీ

చాలా ఉపయోగం. యాప్‌డేటాలో చూశాను, పదకొండు అకృతి ఫాంట్లు అక్కడే ఉన్నాయి. ఐడ్రైవ్ పెట్టేటప్పుడు ప్రైవేట్ కీ కావాలా అని అడుగుతోంది. పెట్టాలా వద్దా? ట్యాలీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

బరంపురం స్టోరేజ్

ప్రైవేట్ కీ పెడితే మీ డేటా కంపెనీ వాళ్లు కూడా చదవలేరు. ఆ కీ పోతే వాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు. పట్టాలు, ఆధార్ కాపీలు, ఖాతాదారుల లెక్కలు ఉన్నాయి కాబట్టి పెట్టమనే అంటాను, కీని కాగితం మీద రాయడానికి మీరు సిద్ధమైతేనే. ఇది ఖాతా తెరిచేటప్పుడే ఎంచుకోవాలి, ఇప్పుడే తేల్చండి. రెండు కాగితాల మీద రాయండి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర. కీని అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ ఫైలుగా పెడితే ల్యాప్‌టాప్‌తో పాటే పోతుంది.

అదే కాగితం మీద బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం) రికవరీ కీ కూడా, 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. మదర్‌బోర్డు మారిస్తే ఆ కీ అడుగుతుంది. గూగుల్ ఖాతాకు బ్యాకప్ కోడ్‌లు 10 వస్తాయి, ఒక్కోటి 8 అంకెలు, అవీ ప్రింటు తీయండి. తుఫాను తర్వాత టవర్ పనిచేయకపోతే ఓటీపీ రాదు, వేరే ఊరి నుంచి లాగిన్ అవ్వాలన్నా ఆ కోడ్‌లే దిక్కు.

డబ్బు కట్టడం దగ్గర కూడా జాగ్రత్త. విదేశీ కంపెనీకి కార్డు ఆటో-పే కొన్నిసార్లు బ్యాంకు దగ్గర ఆగిపోతుంది. కార్డు మారినా, గడువు తీరినా అంతే. రెన్యూవల్ ఆగి, ఇచ్చిన గడువు దాటితే డేటా తీసేసే హక్కు వాళ్లకుంటుంది. ఏడాది ప్లాన్ తీసుకుని, తీరే తేదీకి 15 రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. రెన్యూవల్ నోటీసు మీరు రోజూ చూసే మెయిల్‌కే రావాలి. డాలర్ ధర మీద 18 శాతం జీఎస్టీ కలిసే అవకాశం ఉంది, అదీ లెక్కలో వేసుకోండి.

రాయగడ నెట్

క్లౌడ్ ఉంది కదా అని ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని మానేయొద్దు. మొత్తం పోయిన రోజు 230 జీబీ దించుకోవడానికి 40 ఎంబీపీఎస్ మీద 13 గంటలు పడుతుంది, అదీ నెట్ ఉంటే. డిస్క్ నుంచైతే పూట పని. వారానికోసారి తగిలించి, కాపీ అయ్యాక తీసి వేరే గదిలో ఎత్తున పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే పిడుగు పడినా, వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి.

అప్‌లోడ్ పూర్తయిన వారంలోనే వెనక్కి తెచ్చి చూడండి. ఇంకొకరి కంప్యూటర్‌లో మీ ఖాతా తెరిచి ఒక పేజ్‌మేకర్ ఫోల్డర్, ఒక వీడియో, ఒక స్కాన్ దించండి. వీడియో చివరిదాకా ఆడాలి. పేజ్‌మేకర్ ఫైలు ఫాంట్లు పెట్టాక అక్షరం అక్షరం సరిగ్గా ఉండాలి.

జయపురం ఫాంట్లు

ట్యాలీ గురించి ఎవరూ ముట్టుకోలేదు. లైవ్ డేటా ఫోల్డర్‌ని సింక్ ఫోల్డర్‌లో పెట్టొద్దు. ట్యాలీ తెరిచి ఉన్నంతసేపూ ఆ ఫైళ్లలో రాస్తూనే ఉంటుంది. సింక్ యాప్ మధ్యలో పట్టుకుంటే ఒక ఫైలు కొత్తది, ఇంకో ఫైలు పాతది ఎక్కి రెండూ పొంతన కుదరవు. కంపెనీ తెరవబోతే డేటా ఎర్రర్ వస్తుంది.

ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో బ్యాకప్. డెస్టినేషన్‌గా డాక్యుమెంట్స్‌లో ‘ట్యాలీ బ్యాకప్’ కింద ఆ రోజు తేదీతో ఫోల్డర్ ఇవ్వండి. క్లౌడ్‌కి వెళ్లాల్సింది ఆ ఫోల్డర్. తేదీ ఫోల్డర్ లేకుండా రోజూ ఒకే చోటికి తీస్తే పాతదాని మీద కొత్తది పడొచ్చు, అప్పుడు తప్పు జరగకముందు తీసిన కాపీ మిగలదు. పాతవి తీసేయాలనిపిస్తే నెలాఖరువి, మార్చి 31వి మాత్రం ఉంచండి.

వెనక్కి తెచ్చేటప్పుడు రీస్టోర్‌కి లైవ్ డేటా ఉన్న దారి ఇవ్వొద్దు. అదే కంపెనీ అక్కడ ఉంటే దాన్ని తుడిచి పాతది రాసేస్తుంది. వేరే ఖాళీ ఫోల్డర్ ఇచ్చి, కంపెనీ తెరిచి, చివరి వోచరు తేదీ, బ్యాలెన్స్ షీట్ మొత్తం సరిచూసుకున్నాకే మార్చండి.